బానరాయికి ఎడం పక్క

ఆ దీవిలో సినిమా హాలు లేదు. ఉన్నదల్లా జెట్టీ పక్కన ఒక పాత ఉప్పు గోదాము. ఉప్పు వ్యాపారం ఎత్తిపోయాక చాలా ఏళ్ళు అందులో ఎలుకలు కాపురం చేశాయి. ఆ తర్వాత పోస్టాఫీసు నడిపే పోస్టమ్మకి ఒక ఆలోచన వచ్చింది. ఆవిడకి వచ్చే ఆలోచనలన్నీ చివరికి ఊరి నెత్తినే పడతాయి కాబట్టి ఇదీ పడింది. ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి గోదాములో డాక్యుమెంటరీ సినిమా వేస్తారు. టికెట్ లేదు. సినిమా తీసినవాళ్ళే లాంచిలో వచ్చి, సినిమా చూపించి, ఆనక జనం అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. చిరాకేసి లేచిపోదామన్నా వీల్లేదు, తిరుగు లాంచి మర్నాడు పొద్దున్నే.

"పట్నంలో అయితే చప్పట్లు కొట్టి పంపించేస్తారు. ఇక్కడ తప్పించుకోమనండి చూద్దాం" అంటాడు లాంచి టికెట్లాయన.

నిజమే, వచ్చినవాళ్ళకి చుక్కలు కనిపించేవి. ఎడారి మీద సినిమా తీసిన పెద్దమనిషిని ఒంటెకి ఈత వస్తుందా అని నలుగురు నాలుగు మూలల నుంచి అడిగారు. ఆయన తెల్లమొహం వేశాడు. కనుక్కుని ఉత్తరం రాస్తానని వెళ్ళాడు. రాశాడు కూడా. ఆ ఉత్తరం పోస్టమ్మ గోదాము తలుపుకి అంటించింది.

ఈ కథ మాత్రం ఆ గోదాములో సినిమా పడే తెర కుట్టిన మనిషిది. ఊళ్ళో అందరూ ఆవిడని తెరక్క అంటారు.

తెరక్కది పడవలకి గుడ్డలు కుట్టే పని. తెరచాపలు, ఇంజను మీద కప్పే టార్పాలిన్లు, పందిరి గుడ్డలు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే పోవాలి. అరచేతికి తోలు పట్టీ చుట్టుకుని, దారానికి మైనం పట్టించి, బెత్తెడు సూదిని ఆ పట్టీతో తోసి కుడుతుంది. ఆవిడ కుట్టిన కుట్టు విప్పాలంటే ఆవిడే రావాలి. అరవై దాటినా కళ్ళజోడు లేదు, ఎవరైనా పెట్టుకోమంటే కస్సుమంటుంది. పోస్టమ్మ తెర కావాలని అడిగినప్పుడు రెండు పన్నాల తెల్ల గుడ్డ కలిపి కుట్టి ఇచ్చింది. అంత వెడల్పు గుడ్డ దీవిలో ఎక్కడా దొరకదు. అందుకని మధ్యలో నిలువునా ఒక కుట్టు వచ్చింది. గోదాములో ఎంత గొప్పవాళ్ళ మొహం కనిపించినా ముక్కు మీద ఆ కుట్టు ఉండాల్సిందే.

గోదాము పొడుగెక్కువ, వెడల్పు తక్కువ. తెరని గోడకి కట్టేస్తే సగం మందికి చోటు చాలదు. అందుకని సరిగ్గా మధ్యలో దూలానికి వేలాడదీశారు. గుడ్డ పల్చనిది కాబట్టి బొమ్మ రెండు వైపులా కనిపిస్తుంది. సినిమా వేసే మిషను ఉన్న వైపు ముందు, అవతలిది వెనక. వెనక కూర్చున్నవాళ్ళకి అంతా తిరగబడి కనిపిస్తుంది. అక్షరాలు అటునుంచి ఇటు నడుస్తాయి, అందరూ ఎడం చేత్తో రాస్తారు, ఎడం చేత్తో తింటారు. ఇలా నష్టపోయారు కదా అని పోస్టమ్మ ఒక న్యాయం చేసింది. సినిమా అయ్యాక మొదటి మాట వెనకవాళ్ళది. వాళ్ళు చెప్పాల్సింది చెప్పేదాకా ముందువాళ్ళు కిక్కురుమనకూడదు. ఎవరికీ అభ్యంతరం లేదు. ఎక్కడా రాసిపెట్టకపోయినా అక్కడ అదే చట్టం.

పదేళ్ళుగా తెరక్క ఒక్కసారి కూడా ముందు కూర్చోలేదు. అడిగితే, "గాలికి తాళ్ళు వదులవుతాయి, చూసుకోవాలి కదా" అనేది. తాళ్ళు ఆవిడ కట్టినవే, అవి వదులయ్యే రకం కాదని అందరికీ తెలుసు. మొదటి మాట వెనకవాళ్ళదే అయినా ఆవిడ ఏనాడూ నోరు విప్పలేదు. సినిమా అవగానే పక్క తలుపులోంచి ఇంటికి వెళ్ళిపోయేది. ఆవిడ ఎందుకలా చేసేదో తెలియాలంటే ఆవిడ మొగుడి సంగతి చెప్పాలి.

ఆయన సరంగు. ఊరి పెద్ద పడవ నడిపేవాడు. మాటలు తక్కువ, చుక్కాని మీద చెయ్యి వేస్తే పడవే ఆయన మాట వినేది. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో ఊరు ఆవిడని సరంగు పెళ్ళాం అనేది. ఆ పిలుపు ఆవిడకి ఎంత ఇష్టమంటే, బజారులో ఎవరైనా అలా పిలిస్తే వినపడనట్టు నటించి రెండోసారి పిలిపించుకునేది.

జెట్టీ మీద నిలబడి సముద్రం వైపు చూస్తే ఎదురుగా ఒక రాయి ఉంది. బోర్లించిన బానలా, ఏ పక్కనుంచి చూసినా ఒక్కలాగే ఉంటుంది. బానరాయి అంటారు. దానికి ఎడం పక్క లోతు, కుడి పక్క మెరక. కుడి పక్కనుంచి పోతే పావుగంట కలిసొస్తుంది. కానీ నిండు పడవతో అటు పోకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట, ఒక పొద్దున సరంగు పడవలో బడి నీళ్ళ ట్యాంకు ఎక్కించారు. తుప్పు పట్టిపోతే ఎర్ర రంగు పూసిన ఇనప ట్యాంకు అది, బాగుచేయించడానికి అవతలి ఒడ్డుకి తీసుకెళుతున్నారు. సరంగుతో పాటు ఐసు ఫ్యాక్టరీ ఐసమ్మ తమ్ముడూ, బడి గుమాస్తా ఎక్కారు. ఏ పక్కనుంచి వెళ్ళిందో ఊళ్ళో ఎవరూ చూడలేదు. రాయి దాటాక పడవ మునిగింది. సరంగు ఈదుకుంటూ వచ్చాడు. మిగతా ఇద్దరూ రాలేదు.

పడవ ముక్కలు కుడి పక్క మెరక మీద దొరికాయి. విచారణకి వచ్చిన అధికారి ఆ ముక్కలు చూశాడు, రాసుకున్నాడు, మధ్యాహ్నం లాంచికి వెళ్ళిపోయాడు. పావుగంటకి కక్కుర్తిపడి మెరక మీదుగా పోనిచ్చాడని తేల్చారు. సరంగు లైసెన్సు పోయింది. "నేను ఎడం పక్కనించే తీసుకెళ్ళాను. అడుగు చెక్క విడిపోయింది. మునిగాక ప్రవాహం అటు ఈడ్చింది" అని ఆయన చెబుతూనే ఉన్నాడు. అధికారికి చెప్పాడు, ఐసమ్మ గుమ్మంలో నిలబడి చెప్పాడు, టీ కొట్టులో చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఐసమ్మ అయితే అంతకు ముందు ఆయన్ని నోరారా అన్నా అనేది, ఈవిడని వదినా అనేది. ఆ రోజు నుంచి రెండిళ్ళకీ ఎడమొహం పెడమొహం.

ఇంట్లోనూ ఆయన అదే మాట చెప్పేవాడు. అన్నం తింటూ చెప్పేవాడు, గుడ్డ పట్టుకుని కూర్చుని చెప్పేవాడు. ఏడాదిన్నర విన్నాక ఒకరోజు టార్పాలిన్ కుడుతూ తెరక్క విసిగిపోయింది.

"ఒప్పేసుకోరాదూ? ఒప్పేసుకుంటే జనం మర్చిపోతారు. ఎన్నాళ్ళని ఇదే పాట?" అంది.

ఆయన చేతిలో గుడ్డ అంచు అలాగే పట్టుకుని ఉన్నాడు. "నువ్వు కూడానా?" అన్నాడు. ఆవిడ తలెత్తలేదు, కుట్టు సగంలో ఉంది. ఆ తర్వాత ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పద్నాలుగేళ్ళు బతికాడు, ఆవిడకి గుడ్డలు కత్తిరించి ఇచ్చాడు, సూదుల్లోకి దారం ఎక్కించాడు, జ్వరం వస్తే కషాయం కాచాడు, ఒక్కనాడు కూడా పడవ మాట ఎత్తలేదు. ఆవిడ దాన్ని ఒప్పుకోలు అనుకుంది. మనసు కుదుటపడిందిలే అని సంతోషించింది కూడా. మనిషి నోరు మూసుకోవడానికి వేరే కారణం ఉండొచ్చని ఆవిడకి తట్టలేదు. నాకు ఆవిడ మీద కోపం వచ్చేది ఇక్కడే. కానీ ఆ చోట మనం ఉంటే ఏం చేసేవాళ్ళమో ఎవరు చూడొచ్చారు.

ప్రమాదం తర్వాత ఆవిడని సరంగు పెళ్ళాం అనడం మానేశారు. ఏమని పిలవాలో తెలియక చాలాకాలం 'ఏమమ్మా' అంటూ నెట్టుకొచ్చారు. తెర కుట్టాకే మళ్ళీ ఒక పేరు వచ్చింది. అందుకే ఆ గుడ్డంటే ఆవిడకి అంత ప్రాణం, దాని వెనక చీకట్లో తన మొహం ఎవరికీ కనపడదు కాబట్టి ఆ చోటంటే అంత ఇష్టం. సరంగు పోయి ఆరేళ్ళయింది. ఆయన ఉన్నప్పుడు కూడా ఇద్దరూ వెనకే కూర్చునేవారు.

ఈసారి శనివారం వచ్చినది ఒక సినిమా అమ్మాయి. పాతికేళ్ళుంటాయి, జుట్టు మెడదాకా కత్తిరించుకుంది, లాంచి దిగుతూనే జెట్టీ మీద జారిపడి తనే నవ్వుకుంది. దాంతో ఊరికి నచ్చేసింది. బానరాయి మీద ఒకప్పుడు వేలల్లో వాలే పక్షులు ఇప్పుడు ఎందుకు రావడం లేదని ఆ అమ్మాయి సినిమా తీసింది. ఇంకా ఎక్కడా చూపించలేదు, మొదట మీకే అంది. తన స్నేహితుణ్ణి కూడా తెచ్చుకుంది. సినిమా అయ్యాక జనం ఏమంటారో అతను కెమెరాతో పట్టుకుంటాడట, ఆ మాటలు సినిమా చివర్లో కలుపుతారట. ఊరు మొత్తం ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చింది.

ముందు వైపు కిక్కిరిసిపోయింది. మొదటి వరసలో ఐసమ్మ కూర్చుంది. వెనక మాత్రం ఆ రోజు ఇద్దరే. తెరక్క, టికెట్లాయన. సినిమా మొదలైన అయిదు నిమిషాలకే టికెట్లాయన గురక మొదలుపెట్టాడు.

సగం సినిమా అయ్యాక పాత బొమ్మలు వచ్చాయి. ఇరవై రెండేళ్ళ కిందట పక్షుల లెక్క రాసుకోవడానికి ఒకాయన వచ్చి జెట్టీ చివర నిలబడి తీసినవట. ఆయన ఒక్క పొద్దున తీసేసి ఆ పూట లాంచికే వెళ్ళిపోయాడు, అవి పక్షుల ఆఫీసులో ఒక డబ్బాలో పడి ఉంటే ఈ అమ్మాయి దులిపి బయటికి తీసింది. తెర నిండా నీళ్ళు, నడుమ బానరాయి, దాని మీద తెల్లగా పక్షులు. అంతలో నీళ్ళ మీద ఒక పడవ కనిపించింది. పడవలో ఎర్ర ట్యాంకు ఉంది.

తెరక్క ముందుకి వంగింది. ఎర్ర ట్యాంకు ఆ పడవ ఎక్కింది ఒక్క రోజే. చుక్కాని దగ్గర మనిషి బొటనవేలంత ఉన్నాడు, అయినా నిలబడ్డ తీరు ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. భుజం కాస్త వంచి, ఒక చెయ్యి చుక్కాని మీద, ఇంకో చెయ్యి ట్యాంకు దొర్లకుండా దాని మీద. పడవ రాయి దగ్గరికి వెళ్ళింది. పడవ కుడి పక్కనుంచి వెళ్ళింది. రాయి చాటుకి పోయింది. పక్షులు ఒక్కసారిగా లేచాయి. పదకొండు సెకన్లు, అంతే.

అవతలి వైపు కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో "అయ్యో" అన్నారు. మొదటి వరసలో ఎవరో లేచి నిలబడ్డారు, ఆ నీడ తెర మీద పడింది. జుట్టు ముడి చూసి ఐసమ్మ అని తెరక్క పోల్చుకుంది. తమ్ముణ్ణి చంపిన దారి కళ్ళారా చూసి కోపంతో లేచిందనుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఎవరూ చూడని తప్పు ఇప్పుడు ఊరంతా చూసింది. రేపు ఈ అమ్మాయి దీన్ని పెట్టెలో పెట్టుకుని ఊరూరా తిప్పుతుంది. మిగతా సినిమాలో ఏముందో ఆవిడకి తెలియదు. మొహం చెల్లక పక్క తలుపు వైపు రెండుసార్లు చూసింది. మూడోసారి మాత్రం లేచి తలుపు దగ్గరికి కాదు, తెర పక్కనుంచి ముందుకి నడిచింది.

కిటికీల మీది గుడ్డలు తీసేశారు. పోస్టమ్మ సినిమా అమ్మాయికి కుర్చీ వేసి, అలవాటుగా, "వెనకవాళ్ళు చెప్పండి" అంది. అప్పటికే తెరక్క అక్కడ నిలబడి ఉంది. ముందువాళ్ళు చాలామంది నోళ్ళు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. మొదటి మాట వెనకవాళ్ళది. స్నేహితుడు కెమెరా ఆవిడ వైపు తిప్పాడు.

"అమ్మాయ్, ఆ పడవ మా ఆయనది" అంది తెరక్క. "ఆయన తప్పు చేశాడు. కుడి పక్కనించి తీసుకెళ్ళాడు. ఇద్దరు పోయారు. బతికినన్నాళ్ళూ ఒప్పుకోలేదు. ఆయన తరఫున నేను ఒప్పుకుంటున్నాను, అందరి ముందూ. ఐసమ్మా, నీ తమ్ముడి విషయంలో నీకు దణ్ణం పెడుతున్నాను. ఒక్కటే అడుగుతాను తల్లీ, ఆ ముక్క తీసెయ్. పోయిన మనిషిని వీధిన పెట్టకు."

సినిమా అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. తను పక్షుల్నే చూసింది, పడవ ఎవరిదో తనకేం తెలుసు. పోస్టమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఐసమ్మ వచ్చి తెరక్క మణికట్టు పట్టుకుంది. మంచు దిమ్మలు మోసి మొరటుబారిన చెయ్యి అది.

"వదినా, నువ్వెక్కడ కూర్చుని చూశావు?"

ఇరవై రెండేళ్ళ తర్వాత వినబడ్డ ఆ పిలుపుకి తెరక్క బిత్తరపోయింది. "ఎప్పుడూ కూర్చునే చోటే" అంది.

"ఇటు కూర్చో. మా పక్క నించి చూడు" అంటూ ఐసమ్మ తన కుర్చీలో ఆవిడని కూలేసింది. "అమ్మాయ్, ఆ పడవ మళ్ళీ వెయ్యి."

కిటికీలకి మళ్ళీ గుడ్డలు కప్పారు. నీళ్ళు, రాయి, పక్షులు, ఎర్ర ట్యాంకు. భుజం వంచి నిలబడ్డ మనిషి. పడవ రాయి దగ్గరికి వెళ్ళింది, ఎడం పక్కనుంచి వెళ్ళింది. తొందరేమీ లేకుండా, రాయికి బాగా ఎడంగా జరిగి, లోతు నీళ్ళలోంచి వెళ్ళింది. తెరక్క రెండు చేతులూ చూసుకుంది, ఏది ఎడమో ఏది కుడో తేల్చుకుంటున్నట్టు. "మళ్ళీ" అంది. మళ్ళీ వేశారు. రెండుసార్లూ ఎడం పక్కనుంచే వెళ్ళాడు. పదేళ్ళుగా తిరగబడ్డ ప్రపంచం చూస్తున్న మనిషి, తిరగబడిందని ప్రతిసారీ గుర్తుంచుకున్న మనిషి, ఆ ఒక్క పదకొండు సెకన్లు మర్చిపోయింది. పడవ ఎటు వెళుతుందో తనకి ముందే తెలుసు అనుకుంది మరి. చూడటానికి ముందే నిర్ణయించేసుకుంది.

ఐసమ్మ కింద నేల మీద కూర్చుని ఏడ్చింది. "ఆయన మా గుమ్మంలో నిలబడి చెప్పాడు. మొహం మీద తలుపేశాను. ఎన్ని తిట్లు తిట్టానో, అన్నీ ఉత్తపుణ్యానికి" అంది.

తెరక్క ఆవిడ తల మీద చెయ్యి వేసింది. "నువ్వు తమ్ముడు పోయినదానివి. నీకు తిట్టే హక్కుంది" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు రాలేదు. ఏడవడం కూడా తనకి దక్కకూడదన్నట్టు కూర్చుంది. ఆయన చివరి పద్నాలుగేళ్ళ మౌనం ఇప్పుడు ఆవిడకి వేరుగా వినిపిస్తోంది. అది ఒప్పుకోలు కాదు. చెప్పి లాభం లేదని తెలిసి, అయినా ఆవిడతోనే ఉండి, సూదుల్లోకి దారం ఎక్కించిన మనిషి మౌనం అది.

ఊరు నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టింది. అడుగు చెక్క సంగతి నాకూ అనుమానంగానే ఉండేదని ఒకరు, ప్రవాహం అటే లాగుతుందని మా నాన్న అనేవాడని ఇంకొకరు. ఇరవై రెండేళ్ళు ఈ తెలివి ఎక్కడ దాచారో వాళ్ళకే తెలియాలి. గోల విని టికెట్లాయన లేచి వచ్చి ఏమైందని అడిగితే ఎవరూ నవ్వలేదు.

సినిమా అమ్మాయి తెరక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, ఆ ముక్క తీసెయ్యనులెండి. ఎక్కడికి వెళ్ళినా అది ఉంటుంది. ఇందాక మీరు మాట్లాడింది మాత్రం చెరిపేస్తాం. పొరపాటున అన్నదే కదా, ఎవరికీ తెలియదు" అంది. స్నేహితుడు అప్పటికే కెమెరా దించేశాడు.

తెరక్క అతని వైపు చూసింది. "దించకు బాబూ" అంది. తర్వాత అమ్మాయి వైపు తిరిగింది.

"చెరపొద్దు తల్లీ. ఆయన పడవ తర్వాత నా మాటలే పెట్టు. అది పొరపాటున అన్నది కాదు, ఇన్నేళ్ళూ నేను మనసులో అనుకున్నదే. ఆయన తప్పు చెయ్యలేదని చూసినవాళ్ళకి, ఆయన మాట కట్టుకున్నదే నమ్మలేదని కూడా తెలియాలి."

స్నేహితుడు కెమెరా మళ్ళీ భుజానికి ఎత్తుకున్నాడు. తెరక్క మొహం పక్కకి తిప్పుకోకుండా కూర్చుంది.